పాత కంప్యూటరులో కనబడని స్మృతి: లినక్స్ ఆధారంగా ఒక అధ్యయనం

మనిషికి జ్ఞాపకశక్తి ఎట్టిదో కంప్యూటరుకు మెమొరీ అట్టిది. తెలుగు పాఠ్యగ్రంథాలలో దీనిని స్మృతి అన్నారు. మా ఉర్దూ విద్యార్థులు హాఫిజా అంటారు. పేరు ఏదైనా, యంత్రం ఒక పని చేస్తున్నంతసేపు ఆ పనికి సంబంధించిన ఆదేశాలనూ, సమాచారాన్నీ నిలుపుకొనే స్థలం ఇదే. మనిషి విషయంలో జ్ఞాపకం లేకపోవడం ఒకటి, ఉన్న జ్ఞాపకం సమయానికి అందకపోవడం మరొకటి. మొదటిదానికి మందు లేదు. రెండవదానికి ఓపిక చాలును. యంత్రం విషయంలోనూ ఈ భేదాన్ని గుర్తించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ అధ్యయనానికి కారణం ఉన్నది. గత విద్యా సంవత్సరంలో మా ప్రయోగశాలలోని ఏడు పాత కంప్యూటర్లను పనికిరానివిగా నిర్ణయించి, అమ్మివేయదగిన వస్తువుల పట్టికలో చేర్చడం జరిగింది. అమర్చినంత మెమొరీని యంత్రం చూపడం లేదనీ, అందువల్ల పని మందగించినదనీ ఆ పట్టికలో వ్రాసినారు. ఇంటివద్ద కంప్యూటరు లేని విద్యార్థులు మా కళాశాలలో చాలమంది ఉన్నారు. వారికి ప్రయోగశాలలో ఒక యంత్రం తగ్గితే వారానికి ఒక గంట అభ్యాసం తగ్గినట్లే. కనుక అధ్యాపకులమూ, చివరి సంవత్సరం విద్యార్థులమూ కలిసి ఒక నెల గడువు కోరినాము. కళాశాల కమిటీ వారు దయతో అంగీకరించినారు. ఆ నెలలో మేము నేర్చుకొన్నదానిని, చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ పొందుపరుస్తున్నాము.

1. లెక్క చెప్పేవారు ఎవరు?

స్మృతి ఎంత ఉన్నదో చెప్పేవారు ఒకరు కాదు, నలుగురు. మొదటిది ర్యామ్ మాడ్యూలు. దానిమీద ఒక చిన్న చిప్పులో తన పరిమాణం, వేగం మొదలైన వివరాలు వ్రాసి ఉంటాయి. రెండవది మదర్‌బోర్డు మీది చిప్‌సెట్. ఎంతవరకు స్మృతిని తాను నడపగలదో దాని నిర్మాణంలోనే నిర్ణయమై ఉంటుంది. మూడవది బయోస్. యంత్రానికి విద్యుత్తు అందగానే మేల్కొని, మాడ్యూళ్లను లెక్కించి, చిరునామాలు కేటాయించి, ఆ పట్టికను తరువాత వచ్చేవారికి అందించడం దాని విధి. నాలుగవది లినక్స్ కెర్నల్. అది బయోస్ ఇచ్చిన పట్టికను చదివి, తనకు చేతనైనంత స్మృతిని స్వాధీనం చేసికొంటుంది.

ఈ నలుగురిలో ఎవరివద్ద లెక్క తప్పినా చివర మనకు కనబడే అంకె తగ్గుతుంది. రోగి శరీరంలో నొప్పి ఒకచోట, రోగం మరొకచోట ఉన్నట్లు, అంకె కనబడేది లినక్స్‌లో కాని కారణం చాలసార్లు మరొకచోట ఉంటుంది. కనుక మొదట చేయవలసినది మరమ్మత్తు కాదు, ఏ మెట్టువద్ద లెక్క తగ్గినదో కనుగొనడం.

2. నాలుగు అంకెలను వరుసగా వ్రాయడం

ప్రతి యంత్రానికి మేము ఒక కాగితం కేటాయించి నాలుగు అంకెలు వ్రాసినాము.

మొదటి అంకె, మూత తీసి మాడ్యూళ్లమీది చీటీలను చదివి కూడినది. రెండవది, యంత్రం ప్రారంభమైనప్పుడు బయోస్ తెరపై చూపినది. మూడవది, బయోస్ కెర్నల్‌కు అందించిన పట్టికలోనిది. లినక్స్‌లో 'డీమెసేజ్' అని మేము పలికే ఆదేశం ఒకటి ఉన్నది. డి, ఎమ్, ఇ, ఎస్, జి అను అయిదు అక్షరాలు టైపు చేయాలి. కెర్నల్ మేల్కొన్నది మొదలు వ్రాసుకొన్న దినచర్య అంతా అది చూపుతుంది. ఆ దినచర్య ప్రారంభంలోనే 'బయోస్-ఇ820' అన్న పేరుతో కొన్ని పంక్తులు ఉంటాయి. ఏ చిరునామానుండి ఏ చిరునామావరకు వాడదగిన స్మృతి, ఏది ఇతరులకు ప్రత్యేకించినది అని అందులో వివరంగా ఉంటుంది. నాలుగవ అంకె 'ఫ్రీ' అను ఆదేశం చూపే మొత్తం.

ఈ నాలుగవ అంకె విషయంలో ప్రారంభకులు రెండు విధాల పొరపడతారు. మొదటిది: 512 మెగాబైట్లు అమర్చినచోట సరిగా 512 కనబడదు. కెర్నల్ తన కోసం కొంత, బయోస్ తన పట్టికల కోసం కొంత ముందుగానే తీసికొంటాయి. మదర్‌బోర్డుమీదనే చిత్రప్రదర్శన భాగం ఉన్న యంత్రాలలో తెరకు కావలసిన స్మృతి కూడ ఇందులోనుండే పోతుంది. ఇట్టి కొద్దిపాటి తరుగు దోషం కాదు. రెండవది: 'ఫ్రీ' అన్న గడిలో చిన్న అంకె చూచి స్మృతి అయిపోయినదని భయపడడం. లినక్స్ ఖాళీ స్మృతిని వృథాగా ఉంచదు. డిస్కునుండి చదివినదానిని అందులో దాచుకొని, ఇతరులకు అవసరమైనప్పుడు విడిచిపెడుతుంది. కాబట్టి చూడవలసినది 'అవైలబుల్' అన్న గడిని. కెర్నల్ ఈ అంకెను 2014లో వెలువడిన 3.14 సంచిక నుండి స్వయంగా లెక్కగట్టి ఇస్తున్నది.

మొదటి అంకెకూ రెండవ అంకెకూ తేడా ఉంటే దోషం మాడ్యూలులోనో, స్లాటులోనో, చిప్‌సెట్ పరిమితిలోనో ఉన్నది. రెండవదానికీ మూడవదానికీ తేడా ఉంటే బయోస్ అమరికలను, చిరునామాల కేటాయింపును చూడాలి. మూడవదానికీ నాలుగవదానికీ తేడా ఉంటే కెర్నల్‌ను ప్రశ్నించాలి. ఈ ఒక్క సూత్రం మాకు నెల రోజుల పనిని సగం చేసినది.

3. దుమ్ము, తుప్పు, తొందరపాటు

అన్నిటికంటె సామాన్యమైన కారణాన్ని అందరికంటె ఆలస్యంగా ఆలోచించడం చదువుకొన్నవారి అలవాటు. మొదటి యంత్రంలో రెండు మాడ్యూళ్లు ఉండగా బయోస్ ఒకటే చూపినది. మేము గ్రంథాలు తిరగవేసి రెండు రోజులు గడిపినాము. చివరకు ఒక విద్యార్థి మాడ్యూలును తీసి, దాని అంచున ఉన్న బంగారుపూత గీతలను పెన్సిలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, స్లాటులోని దుమ్మును మెత్తని కుంచెతో దులిపి, తిరిగి అమర్చినాడు. రెండు మాడ్యూళ్లూ కనబడినవి.

ఈ పనిలో పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని. విద్యుత్తును ఆపి, తీగను గోడనుండి తీసివేయాలి. చేతిలోని స్థిర విద్యుత్తు పోవడానికి యంత్రం పెట్టె లోహభాగాన్ని ముందుగా తాకాలి. మాడ్యూలును అంచులవద్దనే పట్టుకోవాలి. మాడ్యూలు అడుగున ఉన్న గంటు స్లాటులోని మెట్టుకు సరిపోయినప్పుడే నొక్కాలి. సరిపోనిదానిని బలవంతాన దించితే స్లాటు విరుగుతుంది. రెండు ప్రక్కల కొక్కేలు తమంతట తాము మూసుకొన్నప్పుడే అది సరిగా కూర్చున్నట్లు. అనుమానం ఉన్నప్పుడు ఒక్క మాడ్యూలును ఒక్కొక్క స్లాటులో మార్చి మార్చి చూడాలి. దోషం మాడ్యూలును వెంబడిస్తే మాడ్యూలుదే, స్లాటువద్దనే నిలిస్తే స్లాటుదే.

మరింత పాతవైన పెంటియమ్ యంత్రాలలో 72 కాళ్ల మాడ్యూళ్లు వాడేవారు. అవి ఒక్కొక్కటి 32 బిట్ల వెడల్పు గలవి. పెంటియమ్ దారి 64 బిట్ల వెడల్పు గలది. కనుక వాటిని జతలుగానే అమర్చాలి. ఒంటిగా అమర్చినదానిని యంత్రం గుర్తించకపోవడం రోగం కాదు, నియమం.

4. చిప్‌సెట్ గీచిన గీత

రెండవ యంత్రం పెంటియమ్-3 కాలంనాటిది. ఇంటెల్ 440 బి.ఎక్స్. చిప్‌సెట్ గలది. అందులో 256 మెగాబైట్ల మాడ్యూలు అమర్చితే 128 మాత్రమే కనబడినది. మాడ్యూలు మరొక యంత్రంలో పూర్తిగా కనబడుతున్నది. దోషం ఎవరిది?

మాడ్యూలు మొత్తం పరిమాణం ఒక్కటే చాలదు, అది ఎన్ని చిప్పులతో ఏర్పడినదో చూడాలి. 256 మెగాబైట్లను ఎనిమిది పెద్ద చిప్పులతో చేయవచ్చు. పదహారు చిన్న చిప్పులతోనూ చేయవచ్చు. ఎనిమిది చిప్పుల మాడ్యూలులో ఒక్కొక్క చిప్పు 256 మెగాబిట్లది. పదహారు చిప్పులదానిలో 128 మెగాబిట్లది. 440 బి.ఎక్స్. తయారైనది 1998లో. అంత సాంద్రమైన చిప్పులోని గళ్లన్నిటినీ పిలవడానికి దానికి చిరునామా చాలదు. అందుచేత ప్రతి చిప్పులోనూ సగమే దానికి అందుతుంది. రెండువైపులా చిప్పులు గల పదహారు చిప్పుల మాడ్యూలు సంపాదించి అమర్చగానే 256 కనబడినది.

ఇట్లే ఇంటెల్ 815 చిప్‌సెట్ మొత్తం మీద 512 మెగాబైట్లకు మించి అంగీకరించదు. స్లాట్లు ఖాళీగా ఉన్నా ప్రయోజనం లేదు. అంతకుముందు వచ్చిన 430 టి.ఎక్స్. ఎక్కువ స్మృతిని చూపినా, అందులో మొదటి 64 మెగాబైట్లకు మాత్రమే క్యాష్ సౌకర్యం కల్పిస్తుంది. స్మృతి పెంచిన తరువాత యంత్రం వేగం తగ్గినదని పూర్వం కొందరు ఆశ్చర్యపడడానికి ఇదే కారణం. కాబట్టి కొనేముందు చదవవలసినది దుకాణం ధరల పట్టిక కాదు, మదర్‌బోర్డు వివరణ పుస్తకం. లినక్స్‌లో 'డీ-ఎమ్-ఐ డీకోడ్' అను ఆదేశం మాడ్యూళ్లనూ స్లాట్లనూ వర్ణించి చెబుతుంది. కాని అది బయోస్ వ్రాసిన పట్టికనే చదువుతుంది. పట్టిక తప్పైతే అదీ తప్పే చెబుతుంది. ముఖ్యంగా 'గరిష్ఠ పరిమాణం' అన్న పంక్తిని పూర్తిగా నమ్మరాదు.

5. బయోస్, కెర్నల్ సంభాషణ

ఈ విషయానికి కొంత చరిత్ర ఉన్నది. తొలినాటి కంప్యూటర్లలో స్మృతి ఎంత అని బయోస్‌ను అడిగే పద్ధతి ఒకటే ఉండేది. దానిని 15వ అంతరాయంలో 88వ సేవ అంటారు. జవాబు పదహారు బిట్ల అంకెలో, కిలోబైట్లలో వచ్చేది. పదహారు బిట్లలో ఇమిడే పెద్ద అంకె 65,535 మాత్రమే. కనుక సుమారు 64 మెగాబైట్లకు మించినదానిని చెప్పడానికి ఆ బయోస్‌కు మాటే లేదు. ఎవరికీ అంత స్మృతి అవసరమౌతుందని ఆ ఏర్పాటు చేసినవారు ఊహించి ఉండరు.

తరువాత ఇ801 అన్న సేవ వచ్చినది. అది రెండు అంకెలు ఇస్తుంది. ఒకటి మొదటి 16 మెగాబైట్లలోపు భాగానికి కిలోబైట్లలోను, రెండవది ఆపై భాగానికి 64 కిలోబైట్ల కట్టలలోను. ఈ చిన్న యుక్తితో పరిమితి సుమారు 4 గిగాబైట్లకు పెరిగినది. ఇ820 సేవ ఇంకా మేలైనది. అది ఒక్క మొత్తాన్ని చెప్పక, గ్రామ కరణం భూముల చిట్టా వ్రాసినట్లు, ఏ భాగం ఎవరి స్వాధీనంలో ఉన్నదో వరుసగా చెబుతుంది. 1996లో వెలువడిన లినక్స్ 2.0 నాటి యంత్రాలలో పాత పద్ధతే ప్రధానం కనుక, 64 మెగాబైట్లకు మించి ఉన్నవారు 'మెమ్=128ఎమ్' వంటి మాటను ప్రారంభ ఆదేశంలో తామే చేర్చవలసి వచ్చేది. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నల్ మొదట ఇ820ని, అది లేకుంటే ఇ801ని, అదీ లేకుంటే 88ని అడుగుతుంది.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక. పాత పుస్తకాలలో 'మెమ్' మాటతో స్మృతిని పెంచవచ్చునని చదివి ఈనాటి కెర్నల్‌లో ప్రయోగించరాదు. ఇప్పుడది పెంచదు; ఇంతకు మించి వాడవద్దని హద్దు గీస్తుంది. మా మూడవ యంత్రం ఇందుకు చక్కని ఉదాహరణ. 2 గిగాబైట్లు ఉండగా 512 మెగాబైట్లే కనబడినవి. బయోస్ పట్టికలో 2 గిగాబైట్లూ సరిగా ఉన్నవి. 'ప్రాక్' అను సంచయంలో 'సీఎమ్‌డీలైన్' అన్న పత్రాన్ని తెరవగా, కెర్నల్‌కు ప్రారంభంలో అందిన మాటలలో 'మెమ్=512ఎమ్' అని ఉన్నది. ఎప్పుడో ఎవరో విద్యార్థి ఒక ప్రయోగం కోసం చేర్చి తీసివేయడం మరచినాడు. ఆ మాటను గ్రబ్ అమరికనుండి తొలగించగానే యంత్రం కోలుకొన్నది. ఆ విద్యార్థి ఎవరో మేము విచారించలేదు. అమరికలు మార్చినప్పుడు తేదీతో సహా వ్రాసి ఉంచే పుస్తకం మాత్రం ఆ రోజునుండి ప్రయోగశాలలో ఉంచినాము.

బయోస్ అమరికలలోనూ రెండు పాత ఉచ్చులు ఉన్నవి. ఒకటి, 15-16 మెగాబైట్ల మధ్య ఖాళీ విడిచే అమరిక. పూర్వపు కొన్ని విస్తరణ కార్డుల కోసం ఏర్పరచినది. రెండవది, 64 మెగాబైట్లకు మించినప్పుడు ఓఎస్-2 కోసం ఉద్దేశించిన అమరిక. లినక్స్ వాడేవారు ఈ రెండింటినీ నిలిపివేయాలి.

6. నాలుగు గిగాబైట్ల చిక్కు, మా పొరపాటు

ఇప్పుడు మేము సిగ్గుపడిన సంగతి చెబుతాము. నాలుగవ, అయిదవ యంత్రాలు ఇంటెల్ 945 చిప్‌సెట్ గలవి. విద్యార్థులు చందా వేసికొని వాటిలో ఒకదానికి రెండు కొత్త మాడ్యూళ్లు, ఒక్కొక్కటి 2 గిగాబైట్లవి, సికింద్రాబాదులోని ఒక దుకాణంలో కొన్నారు. అమర్చి చూడగా 3.2 గిగాబైట్లు మాత్రమే కనబడినవి. మాడ్యూళ్లు నకిలీవని నిశ్చయించి, దుకాణదారునివద్దకు వెళ్లి కొంచెం కటువుగా మాట్లాడినాము. ఆయన తన యంత్రంలో వాటిని అమర్చి, పూర్తి 4 గిగాబైట్లు చూపించి, "సార్, మాల్ మంచిదే. ఒకసారి మీ బోర్డు ఏదో చూసుకోండి" అన్నాడు. మేము ఆయన మాట నమ్మలేదు. 32 బిట్ల కెర్నల్ వల్ల ఇట్లు జరుగుతున్నదేమో అని 64 బిట్ల లినక్స్ స్థాపించినాము. అంకె మారలేదు.

కారణం ఇది. 32 బిట్లతో వ్రాయగల చిరునామాలు 4,29,49,67,296. అనగా సరిగా 4 గిగాబైట్లు. కాని చిరునామాలు కావలసినది ర్యామ్‌కు మాత్రమే కాదు. చిత్రప్రదర్శన భాగం, విస్తరణ కార్డులు, బయోస్ చిప్పు, ఇవన్నీ అదే చిరునామాల వరుసలో, పైభాగంలో, స్థానం అడుగుతాయి. ఒక వీధిలో వంద ఇంటి సంఖ్యలే ఉండి, అందులో ఇరవై ప్రభుత్వ కార్యాలయాలకు కేటాయిస్తే, వంద ఇళ్లు కట్టినా ఎనభై ఇళ్లకే ఉత్తరాలు అందుతాయి. మిగిలిన ఇరవై ఇళ్లు ఉన్నవి, కాని తపాలా బంట్రోతుకు లేవు. కొత్త చిప్‌సెట్లు ఆ మిగిలిన ఇళ్లకు 4 గిగాబైట్లకు పైన కొత్త సంఖ్యలు ఇస్తాయి. బయోస్‌లో 'మెమొరీ రీమ్యాప్' అన్న అమరిక దీనికోసమే. 945 చిప్‌సెట్‌కు 4 గిగాబైట్లకు పైన చిరునామాలే లేవు. కనుక బయోస్‌లో ఆ అమరికా లేదు, 64 బిట్ల కెర్నల్ వల్ల లాభమూ లేదు. 2006లో వచ్చిన 965 శ్రేణితో ఈ లోపం తీరినది.

ఈ సంగతి గ్రహించిన మరునాడు మేము తిరిగి సికింద్రాబాదు వెళ్లి ఆ దుకాణదారునికి క్షమాపణ చెప్పుకొన్నాము. ఆయన నవ్వి తేనీరు ఇప్పించినాడు. పరీక్షించక ముందే ఒకరిని దోషిగా నిర్ణయించడం విజ్ఞానశాస్త్ర విద్యార్థికి తగని పని. ఈ పాఠం మాకు ఆ 800 మెగాబైట్లకంటె విలువైనది.

7. కెర్నల్ పరిమితి

ఆరవ యంత్రంలో 1.5 గిగాబైట్లు ఉండగా సుమారు 880 మెగాబైట్లు కనబడినవి. బయోస్ పట్టిక పూర్తిగా ఉన్నది. కెర్నల్ దినచర్యలో మాత్రం 896 మెగాబైట్లే వాడబడుననీ, హైమెమ్ గల కెర్నల్ వాడవలసినదనీ స్పష్టంగా వ్రాసి ఉన్నది. రోగి తానే రోగం పేరు చెప్పినా మేము వినలేదన్నమాట.

896 అన్న అంకె ఎక్కడనుండి వచ్చినది? 32 బిట్ల లినక్స్‌లో 4 గిగాబైట్ల కల్పిత చిరునామాలలో సామాన్యంగా 3 గిగాబైట్లు వాడుకరి కార్యక్రమాలకు, 1 గిగాబైటు కెర్నల్‌కు కేటాయిస్తారు. ఆ 1,024 మెగాబైట్లలో 128 ఇతర అవసరాలకు పోగా మిగిలినది 896. ఇంతమేరకే కెర్నల్ నేరుగా చూడగలదు. అంతకు మించినదానిని అవసరమైనప్పుడు మాత్రమే తెచ్చి చూచే ఏర్పాటును హైమెమ్ అంటారు. అది లేకుండా నిర్మించిన కెర్నల్‌కు మిగిలిన స్మృతి లేనట్లే. హైమెమ్ గల కెర్నల్ స్థాపించగానే మొత్తం కనబడినది.

1995లో పెంటియమ్ ప్రోతో వచ్చిన పి.ఏ.ఇ. అను ఏర్పాటు 32 బిట్ల ప్రాసెసరుకు కూడ 36 బిట్ల భౌతిక చిరునామాలు ఇచ్చి, 64 గిగాబైట్లవరకు దారి తెరచినది. అయినా ప్రాసెసరు 64 బిట్లది అయినచోట 64 బిట్ల లినక్స్ వాడడమే నేటి ఉత్తమ మార్గం. 32 బిట్ల యంత్రాలకు ఆదరణ క్రమంగా తగ్గుతున్నది. 2025లో వెలువడిన డెబియన్ 13లో వాటికి స్థాపనా సాధనం గాని, కెర్నల్ గాని ఇవ్వలేదు. కొనేవారూ, దానంగా స్వీకరించేవారూ ఈ సంగతి గమనించాలి.

దినచర్యలో కనబడగల మరొక హెచ్చరిక కూడ చెప్పుకోవాలి. ఏ స్మృతి భాగాన్ని ఏ విధంగా క్యాష్ చేయవలెనో చెప్పే ఎమ్.టి.ఆర్.ఆర్. అను రిజిస్టర్లను కొన్ని బయోస్‌లు అసంపూర్ణంగా నింపుతాయి. అప్పుడు కెర్నల్ ఆ భాగాన్ని విడిచిపెట్టి, ఇన్ని మెగాబైట్లు కోల్పోతున్నానని వ్రాస్తుంది. తయారీదారు కొత్త బయోస్ ఇచ్చి ఉంటే దానిని ఎక్కించడం మొదటి మార్గం. రిజిస్టర్లను కెర్నల్ చేతనే సరిచేయించే 'ఎనేబుల్ ఎమ్‌టిఆర్‌ఆర్ క్లీనప్' అన్న ప్రారంభ మాట రెండవది. ఇట్టి మాటలను మొదట గ్రబ్ పట్టికలో 'ఇ' మీట నొక్కి ఒక్కసారికి మాత్రమే చేర్చి చూడాలి. యంత్రం మొండికేసినా, తిరిగి ప్రారంభిస్తే పాత స్థితి వస్తుంది.

8. కనబడినదంతా మంచిది కాదు

ఏడవ యంత్రం కథ విపరీతం. అందులో స్మృతి అంతా కనబడుతున్నది, కాని గంటకొకసారి యంత్రం స్తంభించిపోతున్నది. స్మృతి పరీక్షకు 'మెమ్‌టెస్ట్86 ప్లస్' అను ఉచిత కార్యక్రమం ఉన్నది. అది లినక్స్‌తో నిమిత్తం లేకుండా తానే ప్రారంభమై, ప్రతి గడిలో వ్రాసి, తిరిగి చదివి సరిచూస్తుంది. రాత్రంతా నడిపినాము. ఉదయానికి తెరనిండా ఎఱ్ఱని పంక్తులు! రెండు మాడ్యూళ్లను విడివిడిగా పరీక్షించగా ఒకదానిలో గడులు చెడినట్లు తేలినది. దానిని తీసివేసినాము. స్మృతి సగమైనది, కాని యంత్రం నిలకడగా పనిచేస్తున్నది. అబద్ధం చెప్పే పెద్ద స్మృతికంటె నిజం చెప్పే చిన్న స్మృతి మేలు.

9. పరిశీలనా క్రమం

విద్యార్థుల సౌకర్యార్థం పై విషయాలను క్లుప్తంగా ఇస్తున్నాము.

ఒకటి: నాలుగు అంకెలూ కాగితంమీద వ్రాసి, తేడా ఏ మెట్టువద్ద వచ్చినదో గుర్తించాలి.
రెండు: ప్రారంభ మాటలలో 'మెమ్' హద్దు ఏదైనా మిగిలి ఉన్నదేమో చూడాలి. ఖర్చు లేదు, నిమిషం పని.
మూడు: కెర్నల్ దినచర్యలో స్మృతికి సంబంధించిన హెచ్చరికలు పూర్తిగా చదవాలి.
నాలుగు: విద్యుత్తు ఆపి మాడ్యూళ్లను శుభ్రపరచి, స్లాట్లు మార్చి చూడాలి.
అయిదు: బయోస్ అమరికలు, తరువాత చిప్‌సెట్ పరిమితి పరిశీలించాలి.
ఆరు: చివరగా రాత్రంతా పరీక్ష నడపాలి.
ఏడు: ఇవన్నీ ముగిసేవరకు కొత్త మాడ్యూలు కొనరాదు, ఎవరినీ నిందించరాదు.

10. ముగింపు

ఏడు యంత్రాలలో మూడు పూర్తిగా కోలుకొన్నవి. రెండు 3.2 గిగాబైట్లతోనే తృప్తిగా పనిచేస్తున్నవి. ఒకటి సగం స్మృతితో నిలకడగా నడుస్తున్నది. పెంటియమ్-3 యంత్రం మాత్రం నేటి బ్రౌజర్లకు చాలదు. దానిని మూత తీసి, భాగాలకు తెలుగులోను, ఉర్దూలోను పేర్లు వ్రాసి, బోధనోపకరణంగా ఉంచినాము. చిన్న సీ కార్యక్రమాలు వ్రాయడానికి అది ఇప్పటికీ పనికివస్తుంది. మిగిలిన ఆరు యంత్రాలపై ఒక ప్రక్క కుడినుండి ఎడమకు ఉర్దూ, మరొక ప్రక్క ఎడమనుండి కుడికి తెలుగు టైపు చేస్తున్న విద్యార్థులను ఇప్పుడు ప్రతి సాయంత్రం చూడవచ్చు.

కళాశాల కమిటీ వారికి మా వినతి ఒక్కటే. ఇకమీదట ఏ యంత్రాన్నైనా అమ్మకపు పట్టికలో చేర్చేముందు పై నాలుగు అంకెల కాగితాన్ని దానికి జతపరచవలసినదిగా నియమం చేయగోరుతున్నాము. పాతదంతా దాచుకోవాలని మా వాదం కాదు. 945 యంత్రం ఎంత ప్రాధేయపడినా 4 గిగాబైట్లు చూపదు. అట్టి పరిమితిని ఒప్పుకోవడం కూడ జ్ఞానమే. కాని ఒక పోగు దుమ్ము వల్లనో, ఎవరో మరచిపోయిన ఒక్క మాట వల్లనో యంత్రాన్ని పనికిరానిదని పంపివేయడం అన్యాయం.

విద్యార్థి మిత్రులారా! మీలోనూ కొందరు పరీక్ష తెర మీద తక్కువ అంకె చూపి ఉండవచ్చు. ఆ అంకె ఏ మెట్టువద్ద తగ్గినదో వెదకండి. ఉన్నదానిని లేదని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి.